పాత పట్టుచీరతో 1950ల తీరు గౌను: మడతల దగ్గర చిట్లుతోంది, కత్తెర ఎక్కడ పెట్టాలి?

#1 మడతచీర (హన్మకొండ)
అందరికీ నమస్తే. ముందు చీర సంగతి చెప్తా. మెరూన్ పట్టు, కింది జరీ అంచు నాలుగంగుళాలు, పై అంచు రెండంగుళాలు. పన్నా (బట్ట వెడల్పు) 46 అంగుళాలు, పొడవు ఐదున్నర మీటర్లు, జాకెట్ ముక్క లేదు. బీరువాల ఏండ్ల తరబడి ఒకటే మడత మీద ఉన్నది. మడతల మీద మూడు చోట్ల గీతలెక్క చిట్లింది. కొంగు దగ్గర పిన్ను రంధ్రాలున్నయ్.

దీంతో 1950ల తీరు గౌను కుడదామనుకుంటున్న. నడుము దగ్గర బిగుతు, కింద బాగా విచ్చుకునే ఘేరా, బుట్ట చేతులు. బతుకమ్మకు కావాలి. ఘేరా సర్కిల్ కట్ (గుండ్రంగ కోసేది) అనుకున్న. ఇంట్ల కాళ్ల మిషన్ ఉన్నది. ముందు ఉతకాల్నా, ముందు కట్ చెయ్యాల్నా? నడుము 30.

#2 కత్తెరమ్మ (వరంగల్)
సర్కిల్ మాట పక్కన పెట్టు చెల్లె. రెండు కారణాలు. అంచు తిన్నగ, సాఫుగ ఉంటది. సర్కిల్ కింది గీత వంకర. అంచును వంకరకు తిప్పలేం, కోసి పారేసుడే. అందుకని అంచు చీరతోని సర్కిల్ కుడితే చీరకు ఉన్న అందమంతా కత్తిరింపు ముక్కలల్ల పోతది.

రెండోది, సర్కిల్ల సగం బట్ట ఐమూలగ వేలాడుతది. కొత్త బట్టే ఐమూలల సాగుతది. ఏండ్ల నాటి పట్టు ఆ బరువుకు ఆగది, పోగులు జరుగుతయ్.

నీకు కావాల్సింది కుచ్చుల ఘేరా. అంచు కిందికి ఉంటది, మడిచి కుట్టే పని కూడ తప్పుతది. కానీ అంతకన్న ముందు ఆ బట్టకు దమ్మున్నదో లేదో చూసుకోవాలె.

#3 కొత్తవాడ_పోగు
దమ్ము చూసే పద్ధతి రాస్త.

పగటిపూట కిటికీకి అడ్డంగ చీర పట్టుకోండి, లేదంటే వెనుక నుంచి టార్చి కొట్టండి. మీటరుకు మీటరు జరుపుకుంట పోండి. వెలుతురు సూదిమొనల్లెక్క కనిపించే చోట పోగు తెగింది. పలచగ, పొగమంచు తీరుగ కనిపించే చోట పోగు జరిగింది, ఇంకా తెగలే. రెండు రకాలకూ తెల్ల దారంతో పెద్ద కచ్చా కుట్టు వేసి గుర్తు పెట్టండి. పెన్సిల్, చాక్‌పీస్ వద్దు, పాత పట్టు మీద మరక దిగదు.

తర్వాత రెండు చేతుల బొటనవేళ్ల మధ్య రెండంగుళాల బట్ట పట్టి మెల్లగ లాగండి. ముందు నిలువు, తర్వాత అడ్డం. చిన్నగ "చర్" మని వినిపించినా, పోగుల మధ్య కిటికీ తెరుచుకున్నా ఆ భాగం మీద బిగుతు కుట్టు ఆగదు.

మడత మీద చిట్లడానికి కారణం చాలామంది పురుగు అనుకుంటరు. పురుగు తింటే రంధ్రం గుండ్రంగ, అంచులు గరుకుగ ఉంటయ్. మడత చిట్లితే గీత తిన్నగ ఉంటది. ఒకే మడత మీద ఏండ్లు నొక్కుకుంటే పట్టుపోగు అక్కడ విరుగుతది. జరీ ఉన్న చోట ఇంకా తొందర, ఎందుకంటే లోహపు రేకు మడతల పదునెక్కి పక్క పట్టుపోగును కోస్తది. మూడు నెలలకోసారి మడత మార్చమని పెద్దోళ్లు చెప్పింది గందుకే.

#4 మడతచీర
చూసిన అన్నా. కొంగు వైపు మీటరున్నర మొత్తం పలచగ ఉన్నది. కట్టు లోపలికి పోయే వైపు గట్టిగ ఉన్నది. కింద ఫాల్ కుట్టిన చోట మాత్రం రంగు వేరే ఉన్నది, ముదురుగ.

#5 కత్తెరమ్మ (వరంగల్)
ఫాల్ కింద ఎండ తగల్లే, అందుకే అసలు రంగు అక్కడ మిగిలింది. ఫాల్ పీకితే ముదురు పట్టీ, దాని పైన సూది రంధ్రాల వరుస, రెండూ కనిపిస్తయ్. పట్టీ అంచులోనే దాగితే ఫర్వాలేదు. అంచు దాటి పైకి వచ్చిందంటే దాని మీద సన్న లేసో, పై అంచు నుంచి తీసిన జరీ పట్టీనో అద్దు. పాత రోజుల గౌన్లకు కింద ఒక వరుస పట్టీ ఉండుడు మామూలే, అతుకు అనిపించది.

ఫాల్ ఇప్పేటప్పుడు దారం గుంజకు. మూడు కుట్లకు ఒకటి తెంపి, వెనుక నుంచి లాగు.

#6 జుమ్మెరాత్_గిరాకీ
ఉతుకు గురించి ఎవరూ చెప్పలేదు. బకెట్ నీళ్లల్ల పిడికెడు ఉప్పు, రెండు చెంచాల వెనిగర్ వేసి నానబెడితే రంగు గట్టిపడ్తది. అది చేసి కట్ చెయ్యండి.

#7 పాతకొలత
ఇది చాలా చోట్ల తిరిగే మాట, పాత పట్టు విషయంలో నష్టం చేస్తుంది. ఉప్పు రంగును కట్టిపడేయదు. జరీలో వెండి, రాగి ఉంటే ఉప్పునీళ్లు దాన్ని నల్లబరుస్తాయి. వెనిగర్ పట్టు మీద వేసే ఆమ్లపు రంగులకు కొంత పనికొస్తుంది గానీ నూలు రంగులకు ఏమీ చేయదు. ఉతికిన తర్వాత చివరి నీళ్లలో బకెట్‌కు ఒక చెంచా వేస్తే సబ్బు క్షారం పోతుంది, దాని ఉపయోగం అంతవరకే.

ముందు రంగు పరీక్ష చేయండి. తడిపిన తెల్ల నూలుగుడ్డను చీర లోపలి అంచుమీద అర నిమిషం అదిమి పట్టండి. మెరూన్ దిగితే ఇంట్లో ఉతకవద్దు, డ్రైక్లీన్‌కు ఇవ్వండి. దిగకపోతే కుంకుడుకాయ రసం వడగట్టి, చల్లటి నీళ్లలో కలిపి, ఐదు నిమిషాలకు మించకుండా ముంచి తీయండి. నలపవద్దు, పిండవద్దు. తడిసిన పట్టుకు బలం తగ్గుతుంది, చిట్లిన మడతలు అప్పుడే పూర్తిగా తెగుతాయి. పాత దుప్పటిలో చాపలా చుట్టి నీళ్లు పీల్చనిచ్చి నీడలో ఆరేయండి.

ఉతకడం కట్ చేయక ముందే. అయితే మడతచీర గారు, మీ చీర మూడు చోట్ల ఇప్పటికే చిట్లింది కాబట్టి ఉతకడం కంటే రెండు రోజులు నీడలో గాలికి ఆరేయడమే నా ఓటు.

#8 జుమ్మెరాత్_గిరాకీ
సరే, ఉప్పు మాట వాపసు. నేను సెకండ్ హ్యాండ్ నూలు చీరల అలవాటుతోని రాసిన.

పాత బట్టలు బయట కొనేటోళ్ల కోసం ఒకటి చెప్త. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ గురువారం, ఎర్రగడ్డ సంత ఆదివారం. కాజీపేట నుంచి పొద్దుగాల రైలెక్కితే ఎండ ముదరకముందే చేరొచ్చు. మన దగ్గరనైతే స్టీలు సామాన్లకు పాత బట్టలు తీసుకునేటోళ్లను పట్టుకోండి, వాళ్ల మూటల్ల పాత పట్టు, పాత నూలు మస్తు ఉంటయ్. పాత జరీ చీరలు కొంటమని ఇంటికొచ్చేటోళ్లు మాత్రం చీర కోసం రారు, వెండి కోసం వస్తరు. తీసుకపోయి కాలుస్తరు.

కొన్న బట్టను సీదా బీరువాల పెట్టొద్దు. నల్లులు, వాటి గుడ్లు కుట్ల సందుల్ల ఉంటయ్. నూలైతే 60 డిగ్రీల వేడినీళ్లల్ల అరగంట. వేడి తట్టుకోని పట్టు, జరీ అయితే పాలిథిన్ సంచిల గట్టిగ మూసి డీప్ ఫ్రీజర్ల, మైనస్ 18ల కనీసం నాలుగు రోజులు. తీసినంక సంచి వెంటనే విప్పొద్దు, గది వేడికి వచ్చిందాక ఆగాలె. లేకుంటే గాలిల తేమ బట్ట మీద నీళ్లయి చుక్కలు పడ్తయ్.

#9 నేత_బేరం (జనగామ)
పాతది అని చెప్పి కొత్తది అంటగట్టేటోళ్లు ఎక్కువైన్రు. ఎట్ల పట్టుకోవాలె?

#10 కొత్తవాడ_పోగు
ఒక్క గుర్తుతోని తేలదు, నాలుగు కలిపి చూడాలె.

రెడీమేడ్ బట్టకైతే లేబుల్ మీద దుకాణం అడ్రస్ చూడు. పిన్ కోడ్ పద్ధతి మొదలైంది 1972 ఆగస్టు 15న. వరంగల్ అడ్రసుల 506తో మొదలయ్యే ఆరంకెలు ఉన్నయంటే ఆ లేబుల్ అంతకన్న పాతది కాదు. లేనంత మాత్రాన పాతదని కాదు, అది వేరే. తానులో మిల్లు ముద్ర ఉంటే ఇంకా మంచిది. మన వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934 సంవత్సరంల మొదలై తర్వాత మూతపడ్డది, కాబట్టి ఆ ముద్ర నిజమైతే బట్ట ఆ నడుమదే.

జిప్పు లోహంతోని ఉన్నదా, నైలాన్ చుట్టతోనా? గౌన్లకు నైలాన్ చుట్ట జిప్పులు మామూలైంది 1960ల తర్వాత. కానీ జిప్పు మార్చి ఉండొచ్చు, చుట్టూ పాత కుట్టు రంధ్రాలున్నయేమో చూడు.

జరీకి: అంచు వెనుక నుంచి ఒక పోగు తీసి గోటితో గీకు. అసలు జరీల లోపల పట్టుపోగు, ఎక్కువగ ఎరుపో పసుపో, దాని మీద వెండి రేకు, పైన బంగారు పూత. రాగి రంగు బయటపడితే టెస్టెడ్ జరీ, అంటే వెండికి బదులు రాగి రేకుది. ప్లాస్టిక్ లెక్క పొరలు లేస్తే ఇమిటేషన్. ఇప్పటి దుకాణాలల్ల "యాంటిక్ జరీ" అని అమ్మేది మసక రంగు వేసిన కొత్త జరీ, వయసుతోని సంబంధం లేదు.

ఇక పోగు కాల్చి చూసుడు అందరికీ తెలుసు. పట్టు వెంట్రుక కాలిన వాసన, బూడిద నలిపితే పొడి. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి గుండు. నూలు కాగితం వాసన. రేయాన్ కూడ కాగితం లెక్కనే కాలుతది, అక్కడ మోసపోతరు.

#11 పాతకొలత
ఇక్కత్ విషయం చేర్చండి. పోచంపల్లి ఇక్కత్‌లో పోగుకే రంగు అద్ది నేస్తారు. బొమ్మ అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి, రెండు వైపులా దాదాపు ఒకే ముదురు. ప్రింట్ ఇక్కత్‌కు వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది, గీతలు మరీ నీటుగా ఉంటాయి. కొత్త కలెక్షన్లలో "రెట్రో ఇక్కత్" అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకం. ప్రింట్ కొనడం తప్పేం కాదు, నేత ధర పెట్టి కొనడమే తప్పు.

#12 కత్తెరమ్మ (వరంగల్)
మళ్ల గౌనుకు వద్దాం. చెల్లె, లెక్క ఇట్ల.

ఘేరా పొడవు 29 అనుకో. కింద అంచే ఉన్నది కాబట్టి మడత అక్కర్లేదు. పైన అర అంగుళం కుట్టుకు కలిపి 29½ కోస్తవ్. పన్నాల మిగిలేది పదహారున్నర పట్టీ, దాని పైన రెండంగుళాల అంచు. ఆ అంచు చేతుల కింద పట్టీకి, నడుము పట్టీకి వస్తది. అంచు తీస్తే పట్టీ పద్నాలుగున్నరే. భుజం నుంచి నడుము దాక మామూలుగ 15, 16 కావాలె, అందుకని పైభాగం ఈ పట్టీల రాదు. గట్టిగ ఉన్న వైపు నుంచి మూడు మీటర్లు ఘేరాకు పోను మిగిలేది రెండున్నర. అండ్ల మీటరున్నర పలచదే అంటున్నవ్. మిగిలిన మీటరు గట్టి బట్టల పైభాగం, చేతులు రెండూ కూర్చోవాలె. కొంగు వైపుది ముట్టకు.

మస్లిన్ (సన్న నూలుబట్ట) అస్తరు లేకుండ పాత పట్టు బిగుతు పైభాగం కుట్టొద్దు. తెల్ల మస్లిన్ ముందు వేడినీళ్లల్ల తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యి. పట్టు ముక్క, మస్లిన్ ముక్క ఒకే పోగు దిక్కున కోసి, అంచుకు సెంటీమీటరు లోపల చేతితో కచ్చా కుట్టి ఒకటే బట్ట అనుకోని డార్ట్‌లు (ఒంటికి పట్టేటట్టు వేసే మడత కుట్లు) వెయ్యి. లాగుడు బలం మస్లిన్ మీద పడ్తది, పట్టు ఉత్త ముఖం. వేరేగ వేలాడే లైనింగ్ వేస్తే ఈ పని జరగది, అక్కడ పట్టే బలమంత మోస్తది.

#13 నేత_బేరం (జనగామ)
అస్తరుకు బదులు ఇస్త్రీతో అంటించే ఫ్యూజింగ్ వాడితే పని తొందరగా అయితది కదా?

#14 కత్తెరమ్మ (వరంగల్)
వేడి, జిగురు రెండూ పాత పట్టుకు పడవు. జిగురు చుక్కలు పైకి తేలి బుడగలు లేస్తయ్, తర్వాత తియ్యాలంటే పట్టే లేస్తది. చిట్లిన గీత ఒక్కటి ఉన్న చోట వెనుక సన్న పట్టు ముక్క పెట్టి చేతితో ఇటటు కుట్లు వెయ్యి, చాలు.

మిషన్ సంగతి. సూది 9 లేదా 11, కొత్తది. మొద్దు సూది పోగును పక్కకు జరపదు, తెంపుతది. కుట్టు పొడవు అంగుళానికి పది. చిన్నగ పెడితే పోస్టల్ స్టాంప్ అంచు లెక్క రంధ్రాల వరుసయి అక్కడే చినుగుతది. దారం సన్నది నూలు. గట్టి పాలిస్టర్ దారం లాగినప్పుడు అది తెగదు, పట్టు తెగుతది. పక్క కుట్టులో అంగుళంన్నర మార్జిన్ ఉంచు.

#15 పాతకొలత
బుట్ట చేతుల గురించి రాస్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

మామూలు చేతి నమూనాను మధ్యలో నిలువుగా కోసి 3 నుంచి 4 అంగుళాలు విడదీయండి. పై గుండ్రం దగ్గర ఒకటింబావు అంగుళం ఎత్తు పెంచండి. కుచ్చు మొత్తం చుట్టూ వేయకూడదు. చంక దగ్గర రెండు వైపులా రెండున్నర అంగుళాలు సాదాగా వదిలి పైనే కుచ్చు రావాలి. చంకలో కుచ్చు పడితే చేయి ఎత్తినప్పుడల్లా ఒత్తుకుంటుంది.

కుచ్చుకు అతి పొడవైన కుట్టు రెండు వరుసలు: అంచుకు పావు అంగుళంలో ఒకటి, దానికి కొంచెం పక్కన ఇంకొకటి. పై దారం టెన్షన్ కొంచెం వదులు చేసి బాబిన్ దారాలు లాగండి. ఒక్క వరుసే వేస్తే కుచ్చు పడుకుని పిండినట్టు కనిపిస్తుంది.

బుట్ట కిందికి జారడానికి రెండు కారణాలు. మొదటిది, భుజం కొలత మామూలు జాకెట్టుదే ఉంచడం. బుట్ట చేతికి భుజాన్ని అర అంగుళం తగ్గించాలి, అప్పుడే కుచ్చు ఎముక మీద కూర్చుంటుంది. రెండోది, పాత పట్టు మెత్తదనం. లోపల ఎనిమిదంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు గట్టి నెట్ పట్టీని సగానికి మడిచి భుజం కుట్టులో కలిపి కుట్టండి. బుట్ట లేచి నిలబడుతుంది.

చంక మాత్రం లోతుగా కోయకండి. లోతు పెంచితే సౌకర్యం అనుకుంటాం గానీ చేయి ఎత్తగానే గౌను మొత్తం నడుము నుంచి లేస్తుంది. ఆనాటి గౌన్లలో చంక పైకే ఉండేది.

#16 మడతచీర
నెట్‌ల ఒక పాత అమెరికన్ నమూనా దొరికింది, సైజు 14 అని ఉన్నది. నాకు రెడీమేడ్‌ల మీడియం వస్తది. అది పెద్దగైతదా?

#17 పాతకొలత
సైజు అంకె చూడకండి, కవరు మీద ఛాతీ కొలత చూడండి. 1956కు ముందు నమూనాల్లో 14 అంటే ఛాతీ 32. 1956 నుంచి 1967 దాకా 34. ఆ తర్వాత మారిన కొలతల్లో 36. ఒకే అంకెకు నాలుగంగుళాల తేడా. ఇంకో సంగతి, ఆ నమూనాలు లోపల బిగుతు దుస్తులు వేసుకునే కాలానివి, నడుము కొలత చాలా తక్కువ ఉంటుంది. 1947 ఫిబ్రవరి 12న పారిస్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ చూపించిన సన్న నడుము, విశాలమైన ఘేరా తీరు తర్వాత పదేళ్లు అదే నడిచింది. మన కొలతకు నడుము విడిగా పెంచుకోవాలి. మస్లిన్‌తో ముందు ఒక నకలు కుట్టి చూసుకోండి. అదే మస్లిన్ ఇప్పి అస్తరుగా వాడుకోవచ్చు, వృథా కాదు.

#18 సిరిసిల్ల_షటిల్
సర్కిల్ మీద మోజు ఉన్నోళ్లకు వేరే దారి. ఇండ్లల్ల బతుకమ్మ చీరలు, 2017 నుంచి సర్కారు పంచినయ్, మూటలు మూటలు ఉన్నయ్. సిరిసిల్ల పవర్‌లూమ్ పాలిస్టర్. చిట్లవు, మడత నిలవది, అంచు సన్నగ ఉంటది, పోయినా బాధ లేదు. నేర్చుకునేటోళ్లు పట్టు మీద కత్తెర పెట్టేముందు వీటి మీద చెయ్యి తిప్పుకోండి.

నడుము 30కి వ్యాసార్థం 30ని 6.28తో భాగిస్తే నాలుగు ముప్పావు. నడుము ఐమూలల సాగుతది కాబట్టి నాలుగున్నరే కోయండి. పొడవు 29, మడత అర అంగుళం కలిపితే 34. రెండు సగం సర్కిళ్లుగ కోస్తే ఒక్కోదానికి 68 అంగుళాల పొడవు, మొత్తం 136, అంటే మూడున్నర మీటర్లు. పైభాగానికి రెండు మీటర్లు మిగులుతయ్. కింద మడత కుట్టేముందు ఒక రోజంత హ్యాంగర్‌కు వేలాడదియ్యాలె. ఐమూల పక్కలు సాగి కిందికి దిగుతయ్, అప్పుడు నేల నుంచి కొలిచి సమం చేసి కుట్టాలె. ఈ ఒక్క రోజు ఆగనోళ్ల గౌనే నాలుగు ఉతుకులకు నాలుగు మూలలు పడ్తది.

పాలిస్టర్‌కు లోపల నూలు లైనింగ్ తప్పదు, చెమట పీల్చది. ఇస్త్రీ తక్కువ వేడి.

#19 గొల్లభామ_బుటా (సిద్దిపేట)
ఒక చిన్న హెచ్చరిక. సిద్దిపేట గొల్లభామ చీరలను గౌన్లకు కోస్తున్నరు ఈమధ్య. తల మీద కుండ పెట్టుకున్న ఆ బొమ్మను అదనపు పోగుతో నేస్తరు. బొమ్మ మధ్యలోంచి కత్తెర పోతే ఆ పోగులు ఊడివస్తయ్. కోసే గీతకు ఇటటు కుట్టు వేసి ఆ తర్వాత కత్తిరించండి. వెనుక తేలే పోగులు గోళ్లకు, గాజులకు తగులుకుంటయ్, లైనింగ్ పెట్టాల్సిందే.

కరీంనగర్ వెండి తీగపని బ్రోచ్ పాత గౌనుకు బాగుంటది, కానీ పట్టుకు సీదా గుచ్చొద్దు. అస్తరు కూడ కలిసే చోట, వెనుక చిన్న నూలు ముక్క పెట్టి గుచ్చండి.

#20 జుమ్మెరాత్_గిరాకీ
మగవాళ్లను మరిచిపోయిన్రు. పాత ప్యాంటును 70ల బెల్‌బాటం చెయ్యాలంటే మోకాలు కింద బయటి కుట్టు విప్పి కలి (ముక్కోణపు బట్ట ముక్క) పెట్టాలె. ఎత్తు 18, కింద వెడల్పు 8 అంగుళాలు. కలి మొన దగ్గర ముడతపడేది ఎందుకంటే కుట్టు చివరిదాక పోతది. పావు అంగుళం ముందే ఆపి, ప్యాంటు బట్టను మొన దాకా చిన్న గాటు పెట్టాలె. కలి బట్ట ప్యాంటు అంత బరువు లేకుంటే వంకర తిరుగుతది.

#21 మడతచీర
మస్తు అర్థమైంది. నా లెక్క ఇది: ఉతకను, గాలికి ఆరేస్త. ఘేరా 3 మీటర్లు నడుము 30ల కుచ్చు. పైభాగానికి, ఘేరాకు రెండింటికీ మస్లిన్ అస్తరు. జిప్పు ఎడమ పక్క. కుచ్చు బదులు ఇస్త్రీ చేసిన ప్లీట్లు వేద్దామా అని ఒక ఆలోచన. అంగుళం కనిపించేది, రెండంగుళాలు లోపలికి, 30 ప్లీట్లు, 90 అంగుళాలు సరిపోతయ్.

#22 కత్తెరమ్మ (వరంగల్)
లెక్క సరే, కానీ ఇస్త్రీ ప్లీటు అంటే ముప్పై కొత్త మడతలు. నీ చీర ఓడిపోయిందే మడత దగ్గర. కుచ్చే పెట్టు.

మూడు మీటర్లంటే 118 అంగుళాలు, ముప్పైల కుచ్చితే దాదాపు నాలుగింతలు. దానికి మస్లిన్ కూడ కలిపి కుచ్చితే నడుము దగ్గర తాడు లెక్క దొడ్డుగైతది, మిషన్ పాదం ఎక్కది. పట్టు 100 అంగుళాలకు తగ్గించు. ఘేరాకు అస్తరు అంటించకు, కుచ్చు లేని ఎ-లైన్ (పైన సన్నగ, కింద వెడల్పుగ ఉండే) లైనింగ్ వేరేగ వెయ్యి. తగ్గించిన పద్దెనిమిది అంగుళాలు పైభాగానికి కలుస్తయ్, అక్కడ బట్ట ఇరుకుగ ఉన్నది కదా.

జరీ అంచు బరువు రోజంతా నడుము కుట్టును కిందికి గుంజుతది. లోపల నడుము కుట్టు మీద అర అంగుళం నూలు నాడా పెట్టి కుట్టు.

#23 కొత్తవాడ_పోగు
ఆ నాడా ముందు తడిపి ఆరబెట్టండి. లేకుంటే చెమటకు తడిసి అది కుదించుకుంటది, పట్టు కుదించుకోదు, నడుమంత ముడతలే. ఇస్త్రీ లోపలి వైపు నుంచి, మీద నూలుగుడ్డ వేసి, నీళ్లు చిలకరించకుండ. పండుగ అయినంక హ్యాంగర్‌కు వేలాడదియ్యొద్దు, అంచు బరువుకు భుజాలు సాగుతయ్. మడతల నడుమ పాత నూలుగుడ్డ చుట్టలు పెట్టి, నూలు సంచిల పడుకోబెట్టండి. కలరా ఉండలు జరీకి తగలకుండ వేరే మూటల ఉంచాలె.